దయ్యాల కొంపలో చిన్నమ్మ

పోయిన వారం ఆబిడ్స్‌లో ఒక కాలేజీ పిల్లలు నా మొదటి సినిమా వేసుకుని చూసి, అయిపోయాక నన్ను వేదిక ఎక్కించారు. అది దయ్యం కనపడని దయ్యాల సినిమా. ఒక అమ్మాయి ఒంటరిగా ఒక పాత ఇంట్లో దిగుతుంది. ఏదో వస్తుందని చివరిదాకా బిక్కుబిక్కుమంటూ చూస్తాం, ఏదీ రాదు. ముందు వరసలోంచి ఒక కుర్రాడు లేచి, "సార్, ఆ ఇంటి తలుపు సాయంత్రమైతే తెరిచే ఉంటుంది కదా, అది దేనికి ప్రతీక?" అని అడిగాడు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకచోట ఒంటరితనం అన్నాను, ఇంకోచోట నగరం అన్నాను. ఒక విమర్శకుడు తనంతట తానే మృత్యువని రాసుకుంటే, అది నా జవాబుల కంటే బాగుందని ఊరుకున్నాను. ఆ రోజు మాత్రం ఎందుకో నిజం చెప్పేశాను. "బాబూ, ఆ ఇంటావిడ మూయనివ్వలేదు" అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. జోకనుకున్నారు.

ఆ నవ్వు సంగతి ఆమెకు చెప్పాలనిపించింది. చాలా రోజులైంది చూసి. అక్కణ్ణుంచి నడుచుకుంటూ నాంపల్లి స్టేషన్ వెనక సందులోకి వెళ్ళాను. మలుపులో ఇస్త్రీ బండి అతను నన్ను గుర్తుపట్టి, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"చిన్నమ్మ కోసమా సార్? పాయె గదా. నెల దాటింది. నిద్రలనే పోయింది, ఎవ్వలకు తక్లీఫ్ ఇయ్యలే. ఇల్లు నడుస్తనే ఉన్నది, ఆమె చెల్లె బిడ్డ చూస్కుంటున్నది" అన్నాడు.

నాకు ఎవరూ కబురు చెయ్యలేదు. చెయ్యడానికి నేను ఆమెకు ఏమవుతానని? ఒకప్పుడు ఆమె ఇంట్లో కొన్నాళ్ళు షూటింగు చేసుకున్నవాణ్ణి. అంతే. కానీ బండి పక్కనే ఉన్న అరుగు మీద కూలబడిపోయాను. మా పెద్దమ్మ పోయినప్పుడు కూడా నాకు అంత బాధ కలగలేదు.

ఆమెకు డెబ్భై దాటాయి. అయినా లోకమంతా ఆమెను చిన్నమ్మ అనే పిలవాలి. పెద్దమ్మా అంటే పలికేది కాదు. ఆంటీ అంటే అసలు సహించేది కాదు. "పెద్దమ్మ అంటే ముసలిదాన్నయిత, ఆంటీ అంటే ఎవలకేమయితనో ఎర్కనే కాదు. చిన్నమ్మ అను, సక్కగుంటది" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పేది. పోస్ట్‌మాన్ నుంచి కరెంటు మీటరు చూసేవాడి దాకా అందరూ ఆ పాఠం నేర్చుకున్నవాళ్ళే. నేనూ మొదటి రోజే నేర్చుకున్నాను. కాకపోతే మాది గోదావరి వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం, నా నోట్లోంచి అండీ పోదు. "చిన్నమ్మగారూ, ఒక్క నిమిషమండీ" అనేవాణ్ణి. "నీ అండీలు అయిపోయినంక పిలువు, వస్త" అనేది.

ఆమె ఇల్లు ఎలా దొరికిందంటే, వెతగ్గా వెతగ్గా దొరికింది. సున్నం గోడలు, చెక్క మెట్లు, మధ్యలో చిన్న వాకిలి, పైన వరండా. చూడగానే నాకు వెన్నులో చలి పుట్టింది. సినిమావాడికి అలాంటి చలి పుడితే పండగే. లోపలికి అడుగు పెట్టగానే అల్మారాలో గ్లాసులు వాటంతటవే గణగణలాడాయి. నేను కెమెరామన్ వైపు చూశాను. అతను నా వైపు చూశాడు.

"స్టేషన్ల బండి ఆగింది, గందుకు" అంది చిన్నమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ.

పైన ఎవరో నడిచినట్టు చప్పుడైంది. "ఎండకు చెక్క ఇచ్చుకుని చప్పుడైతది." గోడలోంచి మూలుగులాంటిది వినపడింది. "గది నల్లా పైపు. నీళ్ళొచ్చే ముందుగాల గట్లనే మూలుగుతది. మీరు జర్ర జరుగున్రి, బిందె పెట్టాలె." ఇలా ఇల్లంతా తిప్పి చూపించి, నేను మురిసిపోయిన ప్రతి చప్పుడుకీ ఒక కారణం చెప్పి నా ఉత్సాహమంతా నీరుగార్చింది. భయం అనేది ఆమెకు అర్థం కాని విషయమేమో అనుకున్నాను అప్పుడు.

విషయం చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"దయ్యం సినిమానా? మా ఇంట్ల దయ్యం లేదు."

"లేదని తెలుసండీ. ఉన్నట్టు తీస్తాం."

"నువ్వు ఉన్నట్టు తీస్తే, చూసినోళ్ళు ఉన్నదనే అంటరు గద. పైన పిల్లలున్నరు నాకు."

పైన గదుల్లో ఆడపిల్లలు కిరాయికి ఉండేవారు. అందరూ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. ఒకమ్మాయి ఆబిడ్స్‌లో బట్టల షాపులో పని చేసేది, ఒకమ్మాయి లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేది, ఇంకొందరు కోచింగులకు పోయేవారు. అమ్మానాన్నల్ని బతిమాలి, అలిగి, అన్నం మానేసి ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు. ఆ పిల్లల తండ్రుల గురించి చిన్నమ్మకు బాగా తెలుసు. "వాళ్ళకు ఏదన్న ఒక సాకు దొరకాలె. పక్కింట్ల దొంగలు పడ్డరంటే చాలు, వచ్చి తోల్కపోతరు. తోల్కపోయి పెండ్లి చేస్తరు. గా ఇంట్ల దయ్యం ఉన్నదంట అని ఒక్కడు అంటే, నా ఇల్లు ఖాళీ ఐతది. ఇల్లు ఖాళీ అయినా నాకు ఫికర్ లేదు. గా పిల్లల సదువు పోతది."

చివరికి ఆమె ఒప్పుకున్నది ఆ పిల్లల కోసమే. పైన ఉన్నది ఒక్కటే స్నానాలగది, పొద్దున పూట దాని ముందు కొట్లాటలు. రెండోది కట్టించి ఇవ్వాలంది. కిరాయి మాట ఎత్తలేదు. ఆపైన షరతులు పెట్టింది. తన ఇంట్లో దయ్యాన్ని చూపించకూడదు. జుట్టు విరబోసుకుని ఎవరూ తిరగకూడదు. గోడకు దండ వేసిన ఫోటో పెట్టకూడదు. దీపాలు పెట్టే వేళ వీధి తలుపు మూయకూడదు. నేను అన్నిటికీ తల ఊపాను. సినిమావాళ్ళం ముందు అన్నీ ఒప్పుకుంటాం, తరవాత మెల్లగా బతిమాలుకుంటాం.

షూటింగు ముందు రోజు మా కళాదర్శకుడు తన మనుషులతో వచ్చి ఇల్లంతా పాడుబెట్టాడు. ఆ పని ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. దూదీ జిగురూ కలిపి మూలమూలా బూజు అల్లారు. మెట్ల మీద దుమ్ము జల్లెడపట్టి చల్లారు. గోడల మీద చెమ్మ మరకలు గీశారు. సాయంత్రానికి ఆ ఇంట్లో వందేళ్ళుగా మనిషి అడుగు పెట్టనట్టుంది. అతని చేతులు పట్టుకుని మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి ఇల్లు అద్దంలా మెరిసిపోతోంది. బూజు లేదు, దుమ్ము లేదు, మరకల మీద తడిగుడ్డ పెట్టి తుడిచిన గుర్తులు. గుమ్మం ముందు కళ్ళాపి చల్లి, పెద్ద ముగ్గు. చిన్నమ్మ కొంగు నడుముకు చుట్టి, చీపురు చేత్తో పట్టుకుని, మెచ్చుకుంటామని ఎదురుచూస్తోంది.

"తెల్లారకముందే లేసి మొత్తం దులిపిన. మీరు పొద్దుగాల వస్తరు, గింత గలీజుల ఎట్ల పని చేస్తరని. జిగురు పెట్టిన్రు ఎవలో, పొయ్యేటందుకు పాణం తీసింది."

కళాదర్శకుడు మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. నేను కోపాన్ని దిగమింగుకుని, అది కావాలని పెట్టిన బూజని ఆమెకు విడమరిచి చెప్పాను. పాపం, నొచ్చుకుంది. ఇంకెప్పుడూ ముట్టనంది. మళ్ళీ రోజంతా కూర్చుని బూజు అల్లారు. మర్నాడు శుక్రవారం. మళ్ళీ ఇల్లు అద్దమే, మళ్ళీ ముగ్గే. "శుక్రారం పూట ఇంట్ల బూజు పెట్టుకుంటనా? మీరే చెప్పున్రి. రేపు పెట్టుకోన్రి కావాల్నంటే" అంది. ఆమె ఒట్టు తప్పానని కూడా అనుకోలేదు. శుక్రవారం మాట ఒట్టులోకి రాదని ఆమె లెక్క.

ఇక పని మానేసి పోదామనే అనుకున్నాను. అప్పుడు ఆటోలో మా హీరోయిన్ దిగింది. కొత్తమ్మాయి, ఇల్లు చూడటం అదే మొదటిసారి. కథ మాత్రం తెలుసు, ఎవరూ ఉండని ఇల్లని. గుమ్మం దగ్గర ఆగిపోయి ముగ్గు వంక చూసి, "ఇంట్లో ఎవరూ ఉండరన్నారు కదా సార్. మరి పొద్దున్నే ఈ ముగ్గెవరు పెట్టారు?" అని అడిగింది.

కళాదర్శకుడు తలెత్తాడు. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఒట్టు. బూజు పట్టిన ఇంటిని చూస్తే జనం ఇక్కడ దయ్యం ఉంటుందని ముందే సిద్ధపడతారు. మనుషులు లేని ఇంట్లో రోజూ గచ్చు కడిగి ఉంటే, రోజూ కొత్త ముగ్గు కనపడితే ఏమనుకుంటారు? ఆ పూట షూటింగు ఆపేసి, కథ మొత్తం తిరగరాశాను. దూదీ జిగురూ లారీ ఎక్కించేశాం. ఆ తరవాత రోజూ పొద్దున్నే చిన్నమ్మ ముగ్గు వేసేది, మేం దాన్ని కెమెరాలో తీసేవాళ్ళం. "ఇయ్యాలది మంచిగ రాలే, రేప్పొద్దుగాల రాన్రి, పెద్దదేస్త" అని మమ్మల్ని సాగనంపిన రోజులు కూడా ఉన్నాయి.

తలుపు గొడవ మాత్రం తెగలేదు. నాకు మసక వెలుతురులో తలుపు ధడాలున మూసుకునే షాట్ కావాలి. ఆ వెలుతురు ఉండేదే కాసేపు, ఆ కాసేపూ ఆమె తలుపు రెక్క వదలదు. గడప అవతల దీపం పెట్టి, ఒక చెయ్యి ద్వారబంధం మీద, ఇంకో చేత్తో కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, మెడ సాచి సందు చివరికి చూస్తూ నిలబడేది.

"లక్ష్మీదేవి కోసమాండీ?" అని అడిగాను ఒకరోజు, కాస్త ఎగతాళిగానే.

"లక్ష్మి ఎప్పుడో వచ్చి లోపల కూసున్నది. రజిత రాలే ఇంక."

రజిత అంటే ఆబిడ్స్ బట్టల షాపులో పని చేసే అమ్మాయి. పాలమూరు వైపు పల్లె. షాపు పని అవగానే కోచింగుకు పోయి, అందరి కంటే వెనక వచ్చేది. తండ్రి ఒక్క ఏడాదికని పంపి, ఎప్పుడు వెనక్కి తీసుకుపోదామా అని చూస్తున్నాడట.

"మీకు భయమంటే తెలియదనుకున్నాను" అన్నాను.

"దయ్యం వస్తే భయమేంది? వచ్చినంక ఏం భయం? రావాల్సినోళ్ళు రాకుంటే గప్పుడైతది భయం. నువ్వు గది తియ్యి సినిమాల" అంది, కళ్ళు సందు మీంచి తిప్పకుండానే.

హీరోయిన్ ఆ మాట వింది. మర్నాడు సాయంత్రం ఎవరూ చెప్పకుండానే, ఆ గుమ్మంలో అచ్చం అలాగే నిలబడింది. ఆ ద్వారబంధం మీద చెయ్యి, వేలికి చుట్టుకునే కొంగు, సాచిన మెడ. కెమెరా ఆమె వెనక నుంచి ఖాళీ సందు వైపు చూస్తుంది. ఎవరూ రారు. వెలుగు తగ్గిపోతుంది. అంతే ఆ షాట్. చూసిన ప్రతిచోటా హాల్లో చిన్న దగ్గు కూడా వినపడలేదు.

సినిమా విడుదలకు ముందు నేను నిర్మాతకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను, ఇల్లు గుర్తుపట్టేలా ఎక్కడా వెయ్యొద్దని. పోస్టర్లు వేసేవాళ్ళకు ఆ మాట చేరలేదు. ఆ తలుపూ ఆ ముగ్గూ నిలువెత్తున వేసి, కింద రక్తం కారుతున్న అక్షరాలతో పేరు రాయించి నాంపల్లి అంతా అంటించారు. మా సినిమాలో ఒక్క చుక్క రక్తం లేదు. సినిమా ఆడుతుండగానే రజిత తండ్రి కూతుర్ని చూద్దామని రైలు దిగాడు. స్టేషన్ బయటికి రాగానే ఆయనకు మొదట కనపడింది తన కూతురుండే ఇంటి గుమ్మం.

చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. "నువ్వు రా" అని మాత్రం అంది.

వెళ్ళేసరికి ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. నెరిసిన మీసం, భుజాన తువాలు. రజిత షాపుకు పోయింది. ఆమె బట్టలూ పుస్తకాలూ పైనుంచి తెచ్చి ఆయనే మూట కడుతున్నాడు.

"సార్, మీరేనా తీసింది? మంచిగ తీసిన్రు. ఊర్ల అందరు అడుగుతరు, నీ బిడ్డ గా దయ్యాల కొంపల ఉంటదా అని. నేనేం చెప్పాలె? షాపు కాడికి పోయి, బిడ్డను తోల్కొని ఇయ్యాలటి బండికే పోత."

నేను నోరు తెరవబోతే చిన్నమ్మ చేత్తో వారించింది. కంచంలో అన్నం పెట్టి ఆయన ముందుంచింది. "తిను తమ్మీ. తిన్నంక గా సినిమా చూద్దాం. నేను కూడ చూడలే. చూసినంక గూడ నీ పాణం ఒప్పకుంటే తోల్కపో. నేనే బండెక్కిస్త" అంది. ఇదేం పందెం అనుకున్నాను. జనాన్ని భయపెట్టడానికి నేను తీసిన సినిమా అది. దాన్ని చూపించి ఆయన భయం పోగొడతానంటోంది.

మ్యాట్నీకి ముగ్గురం ఆబిడ్స్‌లో హాలుకు వెళ్ళాం. చిన్నమ్మ మధ్యలో కూర్చుంది. జనం ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఈమె పక్కకు వంగి ఆయనకు వివరాలు చెబుతోంది. "గది నల్లా పైపు. గది చెక్క. గా ముగ్గు నేనే ఏసిన, గా రోజు జర వంకర పోయింది." ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి ఉష్ అన్నారు. నేను చీకట్లో కుంచించుకుపోయాను. ఆయన మాత్రం రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని చూస్తున్నాడు.

గుమ్మం షాట్ వచ్చింది. చిన్నమ్మ కూడా మాట ఆపేసింది. తెర మీద ఆ అమ్మాయి మెడ సాచి చూస్తోంది, కొంగు వేలికి చుట్టుకుంటోంది. వెలుగు తగ్గుతోంది. చాలాసేపటికి ఆయన తెర మీంచి చూపు తిప్పి చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె చేతిలో కొంగు కొస వేలికి చుట్టుకుని ఉంది.

"అక్కా, గామె నీ లెక్కనే నిలబడ్డది" అన్నాడు మెల్లగా.

"ఔ."

"ఎవలి కోసం?"

"నీ బిడ్డ కోసమే. ఆమెనే అందరి కంటె లేటుగ వస్తది. నేను రోజూ గట్లనే నిలబడత, ఆమె వచ్చేదాంక."

ఆయన తువాలుతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. నేను సినిమాలు తీసి ఏదైనా సాధించానని అనుకునే రోజు ఒకటుంటే, అది ఆ రోజు. అవార్డులు వచ్చిన రోజులు ఆ తరవాతే.

ఇంటికి వచ్చాక ఆయన బండి మాట ఎత్తలేదు. దీపం పెట్టే వేళకు చిన్నమ్మ గుమ్మంలోకి వెళితే, ఆయనా వెళ్ళి ఇంకో పక్క నిలబడ్డాడు. ఆమెకేమో అలవాటే. ఆయనకు కాలు నిలవలేదు. సందు మలుపులో ఎవరు కనపడినా ఒక అడుగు ముందుకు వేసి, కాదని తెలిసి వెనక్కి వచ్చేవాడు. "రోజూ గింత లేటయితదా?" అని మాటిమాటికీ అడిగాడు. "సదువుకునే పిల్ల, గంతే ఐతది" అంది చిన్నమ్మ. రజిత వచ్చింది. గుమ్మంలో తండ్రిని చూసి, లోపల వాకిట్లో మూట చూసి, అక్కడే సందులో ఆగిపోయింది. ఆయనే ఎదురెళ్ళి ఆ పిల్ల భుజాన ఉన్న సంచీ అందుకున్నాడు. "మొకం కడుక్కో బిడ్డా, ఆకలైతుండొచ్చు. నేను రేపు పొద్దుగాల పోత. నువ్వు నీ క్లాసులు చూస్కో" అన్నాడు. రజిత అక్కడికక్కడే ఏడ్చేసింది. చిన్నమ్మ మాత్రం, అన్నం చల్లారిపోతోందని ఇద్దర్నీ కసిరింది.

రెండు నెలలు పోయాక ఒక ఆదివారం నేను చిన్నమ్మను చూడ్డానికి వెళ్ళాను. రజిత తండ్రి అక్కడే ఉన్నాడు. ఈసారి తన తమ్ముణ్ణీ, తమ్ముడి కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల పెట్టె గట్టిగా పట్టుకుని నిలబడింది. తమ్ముడికి ఇంకా అనుమానం తీరలేదు, గోడల వంకా మెట్ల వంకా చూస్తున్నాడు. "ఏం చూస్తవ్‌రా? నేను మొత్తం సినిమా చూసిన, ఫికర్ లేదు. గీడ ఆడపిల్ల ఇల్లు చేరేదాంక దర్వాజ ఎయ్యరు. మన ఊర్ల ఏసుకుంటం" అని ఆయన తమ్ముణ్ణి గదమాయిస్తున్నాడు. ఆ పిల్ల తండ్రి జవాబు కోసం చూడకుండానే పెట్టెతో మెట్లెక్కేసింది.

చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఏదో గుట్టు చెప్పేదానిలా నా చెవి దగ్గరికి వచ్చింది.

"నీ సినిమా మంచిగనే పని చేసింది బిడ్డా. పైన ఇంకొక్క మంచం ఖాళీగున్నది. ఇంకోటి తీస్తవా?"